పేకాటకి జట్టు కడితే ఆట అవుతుందా?

క్రికెట్ ఆడతాడంటే మన ఇళ్ళల్లో ఎవరూ ఏమీ అనరు. చదరంగం ఆడతాడంటే కాస్త గర్వంగా కూడా చెప్పుకుంటారు. పేకాట ఆడతాడంటే మాత్రం గొంతు తగ్గుతుంది, ఒక్కోసారి పెళ్ళి సంబంధమే వెనక్కి పోతుంది. అలాంటిది 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇద్దరు భారతీయులు పేకముక్కలు పట్టుకుని స్వర్ణ పతకం గెలిచారు. ప్రణబ్ బర్ధన్‌కి అప్పటికి 60 ఏళ్ళు, శివనాథ్ సర్కార్‌కి 56. ఆడింది బ్రిడ్జి, పురుషుల జంటల పోటీ. అదే క్రీడల్లో మిశ్రమ జట్టుకి కాంస్యం వచ్చింది. ఆ ఆరుగురిలో బాచిరాజు సత్యనారాయణ అనే మన పేరు కూడా ఉంది. ఆ తర్వాతి ఆసియా క్రీడలు 2023లో హాంగ్‌జౌలో జరిగితే, పురుషుల జట్టు రజతం తెచ్చింది.

అంటే అవే 52 ముక్కలు ఒకచోట పతకం తెస్తున్నాయి, ఇంకోచోట పోలీసు కేసు తెస్తున్నాయి. తేడా ఎక్కడుంది? డబ్బులోనా, తెలివిలోనా, జట్టులోనా? గత పదిహేనేళ్ళుగా పోకర్ వ్యాపారం చేసేవాళ్ళు "మాదీ జట్టు క్రీడే" అని గట్టిగా చెబుతున్నారు కాబట్టి ఈ ప్రశ్నని కాస్త లెక్క వేసి చూద్దాం. ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, ప్రాబబిలిటీ పేపర్‌కి కూడా పనికొస్తుంది.

సికింద్రాబాద్ క్లబ్బు నుంచి మొదలుపెడదాం

దేశంలో ఎక్కడ రమ్మీ గురించి వాదన జరిగినా చివరికి ఒక తెలుగు కేసు దగ్గరికే వస్తారు. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల పదమూడు ముక్కలాట నడుస్తోంది. కింది కోర్టులో శిక్ష పడింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ హిదయతుల్లా. "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ" అని చట్టం చదివేవాళ్ళకి బాగా తెలిసిన కేసు ఇది.

తీర్పు సారాంశం ఇది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఆలోచించాలి, కాబట్టి ఇందులో నైపుణ్యానిదే పైచేయి. కలిపి పంచే ఏ ఆటలోనైనా కొంత అదృష్టం ఉంటుంది, బ్రిడ్జిలో ఉన్నట్టే రమ్మీలోనూ ఉంది. అందరూ గుర్తుపెట్టుకున్నది ఇంతవరకే. ఎవరూ పెద్దగా ఎత్తనిది దాని పక్కనే ఉంది: ఆట నడిపేవాడు ఆ ఆట మీద లాభం చేసుకుంటుంటే మాత్రం నేరం అవ్వొచ్చు. ఆ క్లబ్బు మీద అలాంటి లాభం రుజువు కాలేదు, బయటపడింది.

తర్వాతి యాభై ఏళ్ళు ఈ తీర్పులోని మొదటి సగమే ప్రకటనలకి పనికొచ్చింది. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టం 15వ సెక్షన్ కూడా నైపుణ్యపు ఆటలకి మినహాయింపు ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకునే హైదరాబాద్‌లో పుట్టిన ఏస్ టు త్రీ లాంటి ఆన్‌లైన్ రమ్మీ సైట్లు పెరిగాయి. 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి ఆ మినహాయింపు తీసేసింది. మన ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే పని చేసింది. మధ్యలో ఉన్న ఆ మూడేళ్ళు తిరువూరు లాంటి సరిహద్దు ఊరికి ఒక విచిత్రమైన కాలం. యాప్ మన ఫోన్ ఎక్కడుందో చూసి తలుపు తీసేది. జగదల్‌పూర్ రోడ్డు మీద బస్సెక్కి పెనుబల్లి, సత్తుపల్లి వైపు వెళితే అది నేరం, తిరిగి ఊళ్ళో దిగితే నైపుణ్యం! ఆట అదే, ఆడేవాడూ అదే మనిషి.

వంద ఆటల మోసం

నైపుణ్యం ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరే కోర్టులు ఆగాయి. ఆడేవాడు అడగాల్సిన ప్రశ్న వేరు: ఉన్న నైపుణ్యం కనబడటానికి ఎన్ని ఆటలు పడుతుంది?

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆరుగురు కూర్చున్నారు, తలా ₹100. కుండలో ₹600. నడిపేవాడు 10 శాతం తీసుకుని గెలిచినవాడికి ₹540 ఇస్తాడు. ఆరుగురూ సమానంగా ఆడేవాళ్ళే అనుకోండి. ఒక్కొక్కడు గెలిచే అవకాశం ఆరింట ఒకటి, అంటే 16.7 శాతం. సగటున ఆటకి ₹10 పోతుంది. నష్టం లేకుండా బయటపడాలంటే 100ని 540తో భాగించాలి, 18.5 శాతం ఆటలు గెలవాలి. బల్ల చుట్టూ ఉన్న సగటు మనిషి కంటే పదకొండు శాతం మెరుగ్గా ఆడితే వచ్చేది లాభం కాదు, సున్నా.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి సగటు ఆటగాళ్ళు వందమంది తలా 100 ఆటలు ఆడారనుకుందాం. సగటున ఒక్కొక్కడికి ₹1000 పోవాలి. కానీ స్టాండర్డ్ డీవియేషన్ లెక్కేస్తే ₹2000 దాటుతుంది. అంటే ఆ వందమందిలో దాదాపు ముప్పైమంది లాభంలో ఉంటారు! ఏ ప్రత్యేకమైన తెలివీ లేకుండానే. ఆ ముప్పైమంది ఏమనుకుంటారు? "నాకు ఆట వచ్చు" అనుకుంటారు. హాస్టల్లో వినపడేది కూడా వాళ్ళ గొంతే, మిగతా డెబ్బైమంది మాట్లాడరు. అదే మనుషులు 1000 ఆటలు ఆడితే లాభంలో మిగిలేది ఐదారుగురు. 10,000 ఆటలకి ఒక్కడూ ఉండడు.

నడిపేవాడికి కావలసింది ఈ మధ్యకాలమే. మొదటి వంద ఆటలకీ పదివేల ఆటలకీ మధ్య, ఇంకా నమ్మకం చావని దూరం. పూర్తిగా అదృష్టమైతే తెలివైనవాడు కూర్చోడు, పూర్తిగా నైపుణ్యమైతే ఓడినవాడు మర్నాడు రాడు. చదరంగం మీద పందెం కట్టి గ్రాండ్‌మాస్టర్‌తో రోజూ ఎవడు ఆడతాడు చెప్పండి? రెండూ కలిసినప్పుడే వ్యాపారం. సంక్రాంతికి కోళ్ళ బరుల పక్కన వేసే గుండాట, లోపల-బయట ఇంతకంటే నిజాయితీ ఉన్నవి అనిపిస్తుంది నాకు. అక్కడ ఎవడూ తనని తాను నిపుణుడు అనుకోడు.

జట్టు అనగానే మొదట గుర్తొచ్చేది శకుని

పేకాటకి ముందు పాచికలు. సభాపర్వంలో జూదం మొదలయ్యే చోట ఒక చిన్న ఏర్పాటు ఉంది, చదువుతూ దాటేస్తాం. పణం ఒడ్డేది దుర్యోధనుడు, పాచిక వేసేది మేనమామ. డబ్బు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. ఒకరి కోసం మరొకరు ఆడటం సమంజసంగా లేదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు కూడా. చెప్పి, కూర్చుంటాడు. ఇప్పటి పోకర్ లోకంలో ఇది మామూలు పని. మంచి ఆటగాడికి బయటివాళ్ళు పెట్టుబడి పెట్టి గెలుపులో వాటా తీసుకుంటారు, దాన్ని స్టేకింగ్ అంటారు. మన శకునిది అలాంటి ఉద్యోగమే, కాకపోతే జీతం వేరే రకం.

ఆధునిక కాలంలో పేకాటని నిజంగా జట్టుగా ఆడి డబ్బు తెచ్చినవాళ్ళు ఎవరంటే, మన లాంటి ఇంజనీరింగ్ విద్యార్థులే. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితం మాస్టారు బ్లాక్‌జాక్ ఆటలో పడిన ముక్కల్ని లెక్కపెడితే కాసినో మీద పైచేయి సాధించవచ్చని పుస్తకం రాశాడు. 1970లలో అల్ ఫ్రాన్సెస్కో దాన్ని జట్టు పనిగా మార్చాడు. కొంతమంది తలా ఒక బల్ల దగ్గర కూర్చుని చిన్న పందేలు కాస్తూ లెక్క మాత్రం పెడతారు. మిగిలిన పేకలో పెద్ద ముక్కలు ఎక్కువున్నాయని తేలగానే సైగ చేస్తారు. అప్పుడు ఇంకొకడు డబ్బున్న తాగుబోతులా తూలుతూ వచ్చి పెద్ద పందెం కాస్తాడు. ఒకే మనిషి చిన్న పందెం నుంచి హఠాత్తుగా పెద్ద పందేనికి వెళితే కాసినో పట్టేస్తుంది. పని పంచుకుంటే పట్టుకోలేదు. ఎంఐటీ విద్యార్థులు 1980 నుంచి దీన్ని ఒక కంపెనీలా నడిపారు. పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకున్నారు, పెట్టుబడిదారులకి వాటాలు ఇచ్చారు. 2008లో వచ్చిన "21" సినిమా వాళ్ళ గురించే, కొంత మసాలా కలిపి.

ఈ కథ విని ఉత్సాహపడేవాళ్ళకి ఒక మాట. బ్లాక్‌జాక్‌లో ఎదురుగా ఉన్నది కాసినో, అది కూడా ఆటలో ఉంది, దాన్ని ఓడించవచ్చు. రమ్మీ యాప్ ఆటలో లేదు. అది పక్కన కూర్చుని ప్రతి కుండ నుంచీ తన వాటా తీసుకుంటుంది. దాని మీద ఏ జట్టూ గెలవదు. అక్కడ ఇద్దరు స్నేహితులు ఒకే బల్ల మీద కూడబలుక్కుని ఆడితే నష్టపోయేది మూడోవాడు, వాడూ మన లాంటివాడే. దాన్ని మోసం అంటారు.

బ్రిడ్జి చేసిన పని

అదృష్టాన్ని తీసేయడం ఎలా అన్న సమస్యని బ్రిడ్జివాళ్ళు ఎప్పుడో పరిష్కరించారు. అది కూడా చాలా సాదాగా, ఒక రేకు పెట్టె లాంటి దానితో.

నలుగురు ఒక జట్టు. రెండు బల్లలు, రెండు గదుల్లో. మొదటి బల్ల దగ్గర మన జట్టులో ఇద్దరు ఉత్తరం-దక్షిణం సీట్లలో, ఎదుటి జట్టు ఇద్దరు తూర్పు-పడమర సీట్లలో. రెండో బల్ల దగ్గర సరిగ్గా తలకిందులు: మనవాళ్ళు తూర్పు-పడమర, వాళ్ళు ఉత్తరం-దక్షిణం. మొదటి బల్ల మీద పంచిన ముక్కల్నే, నాలుగు అరలున్న బోర్డులో పెట్టి రెండో బల్లకి పంపుతారు. ఆడేటప్పుడు ముక్కలు మధ్యలో కలపరు, ఎవరివి వాళ్ళ ముందే పెట్టుకుంటారు, అయిపోగానే ఎవరి అరలో వాళ్ళు వెనక్కి పెట్టేస్తారు.

ఇప్పుడు చూడండి. ఉత్తరం చేతిలో నాలుగు ఆసులూ పడ్డాయనుకోండి. ఒక బల్ల దగ్గర అవి మనకి వచ్చాయి, ఇంకో బల్ల దగ్గర వాళ్ళకి వచ్చాయి. అదృష్టం రెండువైపులా సమానంగా కొట్టేసుకుపోయింది. మిగిలేది ఒక్కటే, ఆ ముక్కలతో ఎవరు ఎక్కువ చేయగలిగారు అన్నది. 1967 తీర్పు రమ్మీలో అదృష్టం బ్రిడ్జి పంపకంలో ఉన్నట్టే ఉందంది కదా. ఆ పంపకపు అదృష్టాన్ని బ్రిడ్జి తనలోంచి తీసేయగలిగింది, రమ్మీ తీసేయలేదు. ప్రపంచ జట్ల పోటీ బెర్ముడా బౌల్ 1950 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ఇక్కడ జట్టు అన్నది జెర్సీ కోసం కాదు. రెండు బల్లలు ఉండాలంటే ఇద్దరిద్దరు కావాలి, అందుకని నలుగురు. కొలతకి కావలసిన పరికరం అన్నమాట.

పోకర్ దీన్ని చూసి నేర్చుకుంది. 2009లో లొసాన్‌లో ఒక అంతర్జాతీయ పోకర్ సమాఖ్య పుట్టింది, తర్వాత మ్యాచ్ పోకర్ అనే పేరు పెట్టుకుంది. దాని నియమాలు బాగుంటాయి. ఒక్కో జట్టు నుంచి ఒక్కో బల్లకి ఒక్కడే. అన్ని బల్లల మీదా మూడో సీటుకి అవే ముక్కలు, మధ్యలో తెరిచేవీ అవే. నా మూడో సీటు ఫలితాన్ని నా బల్ల మీదవాళ్ళతో కాదు, మిగతా బల్లల మీది మూడో సీట్లతో పోలుస్తారు. ప్రతి పంపకానికీ చిప్స్ మళ్ళీ మొదటికి వస్తాయి, కాబట్టి దివాలా తీయడం లేదు. డబ్బు పందెం అసలే లేదు. అదృష్టం పూర్తిగా పోయిందా అంటే పోలేదు, నా బల్ల మీద మొండివాళ్ళు కూర్చుంటే నా ఫలితం మారుతుంది. కానీ పంపకంలోని అదృష్టం మాత్రం పోయింది.

ఇంకోరకం జట్లు కూడా వచ్చాయి, ఐపీఎల్‌ని చూసి. 2016లో గ్లోబల్ పోకర్ లీగ్ నగరాల పేర్లతో 12 జట్లు పెట్టి ఆటగాళ్ళని డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది. 2017లో మన దేశంలో పోకర్ స్పోర్ట్స్ లీగ్, మ్యాచ్ ఇండియన్ పోకర్ లీగ్ వచ్చాయి. యజమానులు, లోగోలు, కామెంటరీ, అన్నీ ఉన్నాయి. నా అభిప్రాయం ఏంటంటే ఈ రెండు రకాల జట్లనీ కలిపి చూడకూడదు. మ్యాచ్ పోకర్‌లో జట్టు అదృష్టాన్ని తీసేయడానికి ఉంది. ఫ్రాంచైజీ జట్టు అలా కాదు, చూసేవాణ్ణి ఆడేవాడిగా మార్చడానికి అది ఎక్కువ పనికొస్తుంది. టీవీలో జట్టుని చూసి ఫోన్‌లో ఒంటరిగా కూర్చునేవాడికి ఆ జట్టేమీ పక్కన ఉండదు.

అదృష్టం పోయాక పందెం ఎవరు కాస్తారు అన్నదే ఇక్కడి చిక్కు. మ్యాచ్ పోకర్ నిజాయితీగా ఆటయ్యింది, అందుకే దానిలో డబ్బు లేదు. డబ్బున్నచోట ఆ నియమాలు రాలేదు.

2025లో చట్టం పట్టుకున్నదీ దాదాపు ఈ గీతనే. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం, మూడు రోజుల్లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తయారయ్యింది. నైపుణ్యమా అదృష్టమా అన్న పాత ప్రశ్ననే పక్కన పెట్టింది. డబ్బు కట్టి, తిరిగి డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధం. నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేసేవాడికి రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవాణ్ణి శిక్షించదు. ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా పెట్టి గుర్తించింది. అక్కడ వ్యక్తులో జట్లో నియమాల ప్రకారం పోటీపడొచ్చు, ప్రవేశ రుసుము కట్టొచ్చు, బహుమతి గెలవొచ్చు, కానీ ఎవరూ ఎవరి మీదా పందెం కాయకూడదు. పెద్ద రమ్మీ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. కొన్ని కంపెనీలు హైకోర్టులకి వెళ్ళాయి, ఆ వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకి బదిలీ అయ్యాయి. కొందరు ఇప్పుడు విదేశీ సైట్ల లింకులు, టెలిగ్రామ్ గ్రూపులు పంచుతున్నారు. అక్కడ ఆరుగురిలో ఎంతమంది మనుషులో కూడా తెలియదు. పైన వేసిన 10 శాతం లెక్క వాటికి చాలా మర్యాదైన లెక్క.

రమ్మీకి రెండో బల్ల వేయగలమా?

ఇది ఎక్కడా చదివింది కాదు, లెక్క వేస్తూ వచ్చిన ఆలోచన. బ్రిడ్జి లాగా రమ్మీని రెండు బల్లల మీద పెడితే? మొదటి చిక్కు వెంటనే వస్తుంది. పదమూడు ముక్కలు రెండుచోట్లా ఒకేలా పంచొచ్చు, మూసిన పేకని కూడా ఒకే వరసలో పెట్టొచ్చు. కానీ మొదటి బల్ల మీద రెండో సీటువాడు తెరిచిన ముక్క ఎత్తుకుని, రెండో బల్ల మీద అదే సీటువాడు మూసిన పేక నుంచి తీస్తే, అక్కడి నుంచి వరస మొత్తం జరిగిపోతుంది. ఒకడికి రావలసిన జోకర్ ఇంకొకడికి పోతుంది. మూడు రౌండ్లు తిరిగేసరికి రెండూ వేరే ఆటలు.

దీనికి ఒక మార్గం: ఉమ్మడి పేక తీసేసి ప్రతి సీటుకీ విడిగా ఒక చిన్న పేక పెట్టడం. మొదటి సీటువాడు ఎప్పుడు మూసిన పేక నుంచి తీసినా తన ముందున్న దాన్నుంచే తీస్తాడు, రెండు బల్లల మీదా ఆ వరస ఒకటే. పక్కవాడు ఏం చేసినా నాకు రావలసిన ముక్క మారదు. మారేది పారేసిన ముక్కలు మాత్రమే, అవి ఎలాగూ నైపుణ్యం కిందకే వస్తాయి.

ఈ సెమిస్టర్ సెలవుల్లో ఎవరికైనా చేయాలనిపిస్తే కావలసినవి ఇవి. నలుగురి జట్లు రెండు, బల్లలు రెండు. మొదటి బల్ల మీద ఒకటి, మూడు సీట్లు మనవి, రెండో బల్ల మీద రెండు, నాలుగు సీట్లు మనవి. ఒక్కో బల్లకి జోకర్లతో సహా రెండు కట్టలు. ముందుగా ఒక కట్ట వరసని కాగితం మీద రాసి రెండోదాన్ని అదే వరసలో పేర్చాలి. విసుగు పని, పైథాన్‌లో పది లైన్లు రాస్తే ఆ వరస అదే ఇస్తుంది. సీటుకి 13 ముక్కలు, దాని ముందు 12 ముక్కల పేక. నాలుగు సీట్లకి సరిగ్గా 100 ముక్కలు, మిగతావి బోర్లా పెట్టెయ్యాలి. ఎవరి పేక అయిపోతే వాళ్ళు తెరిచిన ముక్కే ఎత్తాలి. కౌంటుకి చింతపిక్కలు చాలు. ఒకటో సీటు కౌంటుని రెండో బల్ల ఒకటో సీటు కౌంటుతో తీసివేసి రాసుకోవాలి, నాలుగు సీట్లకీ అలాగే. ఇరవై పంపకాలు ఆడాక ఆ తేడాల డీవియేషన్ ఎంత తగ్గిందో మామూలు రమ్మీతో పోల్చి చూడాలి. లెక్కలు వచ్చినవాళ్ళు క్లబ్బుకి పంపండి, వచ్చే సంచికలో పట్టికలు వేద్దాం.